నీడ పడితే

తెచ్చినప్పట్నుంచీ ఈ ఆల్చిప్ప నా ప్రాణం తోడేస్తోంది. ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మీద పెట్టాను, రాయి మీదికి మార్చాను, లైటు తగ్గించాను. అయినా నోరు విప్పదు. బతికుందో లేదోనని వంగి చూస్తే ఇంకాస్త బిగుసుకుంది.

"నీకేం తక్కువ చేశానే తల్లీ!" అని కసిరాను.

"మీ నీడ పడితే భయపడుతుందండీ," అంది పక్క గది తలుపు సందులోంచి ఒక గొంతు. "మాటిమాటికీ కదపకండి. కాస్త దూరంగా కూర్చుంటే అదే తెరుచుకుంటుంది."

నా భార్య కూతురు. మా పెళ్లయ్యాక తల్లితోపాటు ఈ ఇంటికి వచ్చిన పిల్ల, తనంతట తాను నాతో మాట్లాడటం ఇదే మొదలు.

రోజూ ఆ తలుపు తట్టి, "నీకేం తక్కువైందమ్మా?" అని అడిగేది నేనే.

అటు తిరగబోయి ఆగాను. కుర్చీ లాక్కుని, అక్వేరియానికీ ఆ తలుపుకీ కూడా దూరంగా కూర్చున్నాను.