పిల్లుల వాటా

“ఈ రోజు నుంచి పిల్లులకు తలలు ఇచ్చేది లేదు. ఖలాస్!” అన్నాడు చేపల కొట్టుకు కొత్తగా వచ్చిన ముదీర్, అంటే మేనేజరు.

ఆశన్న అప్పటికే సంచీ చాపి నిలబడ్డాడు.

దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రం పక్కనే ఉన్న ఆ కొట్టులో పెద్ద పెద్ద హమూర్ చేపలు కొనేవాళ్లు తలలు పట్టుకుపోరు. చేపలు కోసే నెల్లూరు చాంద్ బాషా వాటిని ఓ గంపలో పడేస్తాడు. సెలవు రోజు పొద్దున్నే వచ్చి, “మా క్యాంపు పిల్లులకు” అని అడిగి పట్టుకెళ్లడం ఆశన్నకు అలవాటు. ఆ పిల్లులు మొత్తం ఎనిమిది. అన్నిటికీ మీసాలున్నాయి. లుంగీలు కూడా ఉన్నాయి.

కంపెనీ మెస్సు నీళ్ల పప్పుతో నాలుక చచ్చిపోయిన ఆ ఎనిమిది మంది గదికి వారానికోసారి ఆశన్న పెట్టే తలకాయ పులుసే పండుగ. పైగా ఈ వారం గదిలో అందరికంటే చిన్నవాడైన భూమేశ్ జ్వరంతో పడి లేచాడు. ఏదీ సయించక మొహం తిప్పుకుంటున్న ఆ పిల్లవాడు ఇవాళ పొద్దున, “కాకా, ఇయ్యాల పులుసు పెడ్తవ్ గదా?” అని నోరు తెరిచి అడిగాడు. పెడతానని మాటిచ్చి వచ్చాడు ఆశన్న.

“సార్, ఈ ఒక్కసారికి ఇప్పించండి,” అని హిందీలో బతిమాలాడు.

“కుదరదు. ఊళ్లో పిల్లులన్నీ ఇక్కడే మకాం పెట్టాయి. నిన్న ఒకటి కస్టమర్ చేతిలో చేపనే లాక్కుపోయింది. చాంద్, ఆ గంప తీసుకెళ్లి చెత్తడబ్బాలో కుమ్మరించు. యల్లా!”

ఉన్నమాట చెప్పేస్తే పోయేదే. కానీ ఎలా చెప్తాడు? వెనకే వేణుగోపాలరావు నిలబడి ఉన్నాడు. ఆశన్న పనిచేసే కంపెనీలోనే అకౌంటెంట్. ఇద్దరిదీ ఒకే మండలం. ఆ మండలం నుంచి దుబాయ్ వచ్చినవాళ్లందరి వాట్సాప్ గ్రూపుకీ ఆయనే పెద్దదిక్కు. ఇక్కడ తుమ్మితే అక్కడ వినపడుతుంది. అవతల పారేసే తలకాయలు ఆశన్న అడుక్కుని తింటున్నాడన్న సంగతి సాయంత్రానికల్లా ఊళ్లో భార్య బాలవ్వ చెవిన పడుతుంది. ఆమె ముందు ఇక తలెత్తుకోవడం ఎట్లా?

నిజానికి వేణుగోపాలరావు వచ్చింది కూడా తల కోసమే. కాకపోతే ఆయన సంగతి వేరు. ఆయనింట్లో పర్షియన్ పిల్లి ఉంది. పేరు స్వీటీ. “మా స్వీటీ హమూర్ తల తప్ప ఇంకోటి ముట్టదు. అదీ మొప్పలు శుభ్రంగా తీసేస్తేనే!” అని ప్రతి వారం లైన్లో అందరికీ వినబడేలా చెబుతాడు. ఇవాళ మాత్రం కిక్కురుమనకుండా ఫోన్ చూసుకుంటున్నాడు.

చాంద్ బాషా మనసొప్పకుండానే గంప ఎత్తి డబ్బా వైపు వంచాడు. తెల్లవారుజామున పడవ దిగిన చేపలు. కళ్లింకా నిగనిగలాడుతున్నాయి. చెంపల దగ్గర తెల్లటి కండ పిడికెడు ఉంది. అది చెత్తలోకి జారబోతుంటే ఆశన్నకు కడుపు మండిపోయింది.

“ఆగు చాంద్ భాయ్!”

కొట్టు మొత్తం అటు తిరిగింది. ఆశన్న హిందీలో మొదలుపెట్టి, కోపం ఎక్కువయ్యేసరికి తెలుగులోకి దిగిపోయాడు.

“పిల్లుల్లెవ్వు, గిల్లుల్లెవ్వు. నాకే! నేనే తింట. మా రూమోళ్లందరం తింటం. సముద్రం పక్కన బతుక్కుంట ఆ నీళ్ల పప్పు తాగుడేంది? హమూర్ కొనే తాకత్ మాకు లేదు, వండే తాకత్ ఉన్నది. గింత మంచి తిండి పారేసేటోనికి లేని సిగ్గు, తినేటోనికి నాకెందుకు?”

ఎన్నాళ్లుగానో మోస్తున్న అబద్ధం దిగిపోయి ప్రాణం హాయిగా అనిపించింది.

ముదీర్‌కు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. ఆశన్నను ఎగాదిగా చూసి, “నేను పిల్లులకు వద్దన్నాను. మనుషులకు వద్దన్నానా? ఇచ్చెయ్ చాంద్,” అన్నాడు.

చాంద్ బాషా రెండు పెద్ద తలలు ఏరి, మొప్పలు పీకి, కత్తితో టపటపా కొట్టి సంచీలో వేశాడు. “నాకెప్పుడో తెలుసులే అన్నా,” అని నవ్వాడు. “పులుసుకి సరిపోయేట్టు ముక్కలు కొట్టమని ఏ పిల్లైనా అడుగుద్దా?”

తర్వాతి వంతు వేణుగోపాలరావుది. “మీకేం కావాలి? మీదీ పిల్లేనా?” అన్నాడు ముదీర్.

“ఏం లేదు, ఊరికే వచ్చాను,” అని ఆయన లైన్లోంచి పక్కకు తప్పుకున్నాడు.

ఆశన్న వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు. వెనకే బూట్ల చప్పుడు తరుముకొచ్చింది. రానీ, ఇవాళ ఎవరికీ జంకేది లేదనుకున్నాడు.

“ఆశన్నా! జర ఆగు.”

ఆశన్న గిర్రున తిరిగి సంచీ ఎత్తి చూపించాడు. “ఏంది సార్? గ్రూపుల పెడ్తరా? పెట్టుర్రి! ఫోటో గూడ దియ్యుర్రి. మా బాలవ్వకు మీకంటె ముందు నేనే ఫోన్ జేసి చెప్త.”

“ఛ, అది కాదు.” వేణుగోపాలరావు అటూ ఇటూ చూశాడు. “నీకు రెండు తలలిచ్చిండు గదా. ఒకటి మా స్వీటీకి ఇయ్యరాదూ?”

“ఇయ్య.”

“ఎందుకట్ల?”

“ముదీర్ చెప్పంగ ఇనలేదా సార్? పిల్లులకు బంద్. మనుషులు తింటమంటెనే ఇచ్చుడు.”

వేణుగోపాలరావు వెనక ఎవరూ రావడం లేదని చూసుకున్నాడు. తర్వాత మరింత దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“పులుసుల మెంతిపిండి ముందుగాల ఎయ్యాల్నా, దించేటప్పుడు ఎయ్యాల్నా?”