నాన్న కోరిన టోన్

"ఇంకా పెంచండి," అన్నాడు నాన్న.

వాయిద్యాల షాపులో గడ్డమతను ఆంప్లిఫయర్ నాబ్ తిప్పాడు. అమ్మాయి గిటార్ తీగని ఒక్కసారి మీటింది. షాపు అద్దాలు జలదరించాయి. అవతల ఫ్లూట్ చూస్తున్న పెద్దాయన దాన్ని అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు.

"సార్, ఇది స్టేజీల మీద వాడేది. ఇంట్లోకైతే ఆ చిన్న ఆంప్ చాలు. హెడ్‌ఫోన్స్ కూడా తగిలించుకోవచ్చు," అన్నాడు షాపతను.

"నాకూ అదే చాలు నాన్నా," అంది అమ్మాయి.

"నువ్వుండమ్మా. రాక్ వాయించేవాళ్లు ఎక్కడైనా అగ్గిపెట్టెలో వాయిస్తారా? శబ్దం మందంగా ఉండాలి. గోడలా నిలబడాలి."

షాపతనికి హుషారొచ్చింది. "అయితే డిస్టార్షన్, అదే ఆ గరగర, ఇంత పెట్టండి. ఇక ఈ మిడిల్ నాబ్ ఉంది చూశారూ, చాలామంది దీన్ని తగ్గిస్తారు. తెలీక. మనిషి గొంతు ఎక్కడుంటుందో ఇది సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంటుంది. పెంచామంటే పక్కన పాడేవాడు గొంతు చించుకున్నా ఒక్క ముక్క వినబడదు. మా బ్యాండ్ విడిపోయింది దీనివల్లే సార్! పాటగాడు మైకు తీసి నా మొహాన కొట్టాడు."

నాన్న నవ్వలేదు. "ఎంత పెంచితే వినబడదు?"

"సగం దాటితే చాలు."

"ఇదే ఇవ్వండి."

"మీరు అదృష్టవంతులు మేడమ్," అన్నాడు షాపతను ఆంప్‌ని అట్టపెట్టెలోకి దించుతూ. "మా నాన్న నా మొదటి గిటార్‌ని పొయ్యిలో పెట్టాడు."

అమ్మాయి తల దించుకుని వైరు చుట్టింది. ఆమెకి నిజానికి నచ్చేది శుభ్రమైన టోన్. ఒక్కో తీగ ఒక్కో మాటలా విడివిడిగా వినబడాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆంప్‌ని నాన్నే హాల్లో పెట్టాడు, మూతి వీధి తలుపు వైపు తిప్పి.

"కింద వాళ్లకి ఇబ్బంది నాన్నా. గోడవైపు తిప్పనా?"

"వద్దు. మనింట్లో ఒక కళాకారిణి ఉందని నలుగురికీ తెలియనీ."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

వారం తిరక్కుండానే కింది వాటా పిన్ని మెట్లెక్కి వచ్చింది. ఆవిడకి తలనొప్పి, ఆవిడ కొడుక్కి పరీక్షలు. వచ్చేటప్పుడు పులిలా వచ్చింది. నాన్న కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, చేతులు జోడించాడు.

"ఏం చెయ్యమంటారమ్మా? దాని కల. శబ్దం తగ్గిస్తే ఆ టోన్ రాదట. నేను చిన్న జీతగాణ్ణి, పిల్ల ముచ్చట తప్ప నాకింకేముంది?"

పిన్ని కరిగిపోయింది. "మా ఆయన పిల్లాడికి రబ్బరు కొనడానికి కూడా నెల ఆగమంటాడండీ," అని, వెళ్తూ వెళ్తూ అమ్మాయి వైపు తిరిగింది. "అంత మంచి తండ్రిని ఇలా చేతులు జోడించేలా చేస్తావా? సిగ్గనిపించట్లేదూ?"

అమ్మాయి చెవులు కాలిపోయాయి. సిగ్గు ఇంటికొకరికి చాలనుకుంటారేమో, ఎప్పుడూ ఆడపిల్ల నెత్తినే పెడతారు.

ఆ తర్వాత మెట్ల మీద ఎవరు ఎదురైనా ఆమె గోడకి అతుక్కుని దిగేది. లిఫ్ట్ దగ్గర మాటలు ఆగిపోయేవి. ఎవరో ఆమె చెప్పులున్న చోట దూది ఉండలు పెట్టి పోయారు, చెవుల్లో పెట్టుకునేవి.

ఒకనాడు కూరలు తరుగుతున్న అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, నేనిక వాయించను."

కత్తిపీట ఆగింది. "అదేం మాట? నాన్న అంత మోజుపడి కొన్నారు. మానేస్తే పరువు పోదూ?"

"ఎవరి పరువు?"

"అందరిదీ," అంది అమ్మ, వంకాయ వైపే చూస్తూ. "నాదీ. నాకోసం వాయించమ్మా."

ఆ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, బల్ల మీది గిన్నె మూత తీసి చూశాడు. మళ్లీ మూత పెట్టాడు.

"సాధన మొదలెట్టు తల్లీ."

"ఇవాళ వద్దు నాన్నా. వేళ్లు నొప్పి."

"కళాకారులకి నొప్పేమిటి? మొదలెట్టు. మీ అమ్మతో కాస్త మాట్లాడాలి." పడగ్గది తలుపు దగ్గర ఆగాడు. "మిడిల్ మర్చిపోకు."

అమ్మ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

అమ్మాయి మీటింది. హాలంతా ఆ మందమైన టోన్‌తో నిండింది. కిటికీ రెక్కలు, బల్ల మీది స్టీలు గ్లాసులు, ఆమె పళ్లు, అన్నీ ఒక్కసారే వణికాయి. ఆమె కళ్లు మూసుకుని వాయించింది, పాటేదో ఆమెకే తెలియకుండా.

వీధి తలుపు మీద దబదబా బాదుడు. ఆమె వాయిస్తూనే వెళ్లి, కాలితో కింది గడియ తోసి తలుపు బార్లా తెరిచింది. కింది వాటా పిన్ని, వెనక ఆవిడ కొడుకు, పై మెట్ల మీద ఇంకో ఇద్దరు ముగ్గురు.

"ఇవాళ తేలాల్సిందే!" అరిచింది పిన్ని. "నీకసలు సిగ్గుందా?"

"ఉంది పిన్నీ," అని ఆమె కూడా అరిచింది. "ఉండబట్టే ఇన్నాళ్లూ వాయించాను."

పిన్నికి ఆ మాట అర్థం కాలేదు. అమ్మాయి వెనక్కి నడిచి, ఆంప్ ముందు వంగి, వాల్యూమ్‌ని సున్నాకి తిప్పింది.

మూసిన గదిలో నాన్న అమ్మను కొడుతున్న చప్పుడు మెట్ల దాకా వినబడింది.