చెరువు చట్టం, గోడ చట్టం

ఒప్పందంలో ఎవరి చట్టం చెల్లుతుందో రాసుకోలేదు, అక్కడే చెడింది. గోడ మీది కందిరీగ చెరువులోని కప్పకు మట్టిగది కట్టాలి. బదులుగా కందిరీగ తన పిల్లల గూటికి కప్ప ఉండే గట్టు నుంచి బురద తీసుకోవచ్చు.

గది చూసి కప్ప మొహం చిట్లించింది. "చుక్క నీళ్లు లేవేంటమ్మా? చెరువు చట్టంలో ఇల్లంటే నిండా నీళ్లుండాలి."

"మా గోడ చట్టంలో తడిస్తే అది ఇల్లే కాదు బావా!"

తగవు చెరువులోని తాబేలు దగ్గరికి వెళ్లింది. అది తీర్పు చెప్పింది. "రెండు చట్టాలూ పాటించండి. నిండా నీళ్లు పోయండి, గోడలు మాత్రం తడవకూడదు."

పోశారు. గది కరిగి గుంటయింది. కప్ప అందులో హాయిగా కూర్చుని, "ఇల్లు బాగుంది. కానీ కట్టింది నువ్వు కాదుగా, తాబేలు తీర్పే" అంది. బురద ఇవ్వలేదు.

ఇక చట్టం ఎవరిదో తేలకుండా ఎవరి కోసమూ మట్టి ముట్టనని కందిరీగ నిర్ణయించుకుంది. తర్వాత కొంగ వచ్చి ఇల్లు కట్టమని ఎంత బతిమాలినా ముట్టలేదు.