దూరపు చూపు

"కుక్కల్ని చూసేదానికి కెమెరాలా?"

పెంచలకృష్ణకు నవ్వాగలేదు. నిచ్చెన మీద నుంచే కామమ్మను ఎగాదిగా చూసినాడు.

"ఎండబెట్టిన చేపల్ని ఎత్తకపోతా ఉండాయి నాయనా," అనిందామె కొంగుతో చేతులు తుడుచుకుంటా. "మా పాప ఊళ్లో ఉండదు. ఆడ్నుంచే ఫోన్లో చూసుకుంటానంటాది."

"చూసి? ఆడ్నుంచే కట్టె విసిరేస్తాదా?"

కామమ్మ నిచ్చెన కదలకుండా పట్టుకుంది.

సూళ్లూరుపేటలో కెమెరాలు బిగించే పెంచలకృష్ణ, కార్డు మీద మాత్రం 'క్రిష్' అని అచ్చేయించుకున్నాడు. ఆ పేరుతో వాణ్ణి కన్నతల్లి కూడా ఏనాడూ పిలవలేదు. వాళ్ల తాత పులికాట్ సరస్సులో వలేసి బతికినవాడే. అయినా ఈ చేపల పల్లెల పేరెత్తితే మనవడు ముక్కు మూసుకుంటాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం.

పెరట్లో కెమెరా బిగించి దిగినాడు. "రెండోది వాకిట్లోనేగా?"

"కాదు నాయనా, నట్టింట్లో. ఈ కుర్చీ కనపడేట్టు."

"మీ ఊరి కుక్కలు కుర్చీల్లో కూర్చుంటాయా?"

"ఎవురెవురో వస్తా పోతా ఉంటారు గదా," అనింది కామమ్మ మెల్లగా.

గోడ మీద ఏదో ఫోటో ఈమధ్యే తీసేసినట్టు తెల్లటి మచ్చ ఉంది, పైన మేకు అట్లాగే ఉంది. పెంచలకృష్ణ ఆ మేకు పీకేసి, అదే చోట కెమెరా బిగించినాడు.

"మాటలు గూడా వినపడతాయా?"

"ఈగ వాలినా వినపడతాది. నీకు చెప్పినా అర్థం కాదులే."

సిమ్ము వేసిన రూటర్‌ను కిటికీలో పెట్టి, కామమ్మ ఫోన్లో యాప్ ఎక్కించినాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావంటే ఆమె బిక్కమొహం వేసింది. "నీ మొహానికి పాస్‌వర్డ్ ఒకటి!" అని తనే ఏవో నాలుగంకెలు నొక్కేసినాడు. ఆ ఫోన్లో 'పాప' అని ఉన్న నంబరుకు కూడా కెమెరాలు చూసే వీలు కల్పించినాడు. తర్వాత తన ఫోన్లో తెరిచి చూసుకుంటే చక్రం తిరుగుతానే ఉంది, బొమ్మ రాదే!

"ఇంకా కలవలా. మీ ఊరికి రాకెట్లు కనపడతాయి గానీ సిగ్నల్ మాత్రం కనపడదు!"

"పోనీలే నాయనా, కూర్చో. టీ తాగు."

కుర్చీలో కూలబడి గ్లాసు వాసన చూసినాడు. "ఆ చేపల చేత్తోనే కలిపినావా?" అని పక్కకు నెట్టేసినాడు.

అంతలో వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"ఒరే, ఆదివారం హజరత్తయ్య ఇంట్లో పెళ్లిచూపులు, గుర్తుండాదా? క్షవరం చేయించుకో. ఈసారన్నా ఆ నోరు కట్టుకోరా నాయనా! ఉన్న సంబంధాలన్నీ నీ నోటి మూలంగానే పోయినాయి. ఇది గూడా పోతే ఇంక మనవాళ్లలో నీకు పిల్లనిచ్చేవాడు లేడు."

"నేను ఊ అంటే చాలు, ఎగిరి గంతేస్తారు," అన్నాడు కాలు మీద కాలేసుకుని. "ఏ ఊరో గూడా నేనడగలా. ఏ ఊరైతే ఏం, కంపు ఒకటేగా! నెలనెలా నర్సు జీతం వస్తాది గాబట్టి ముక్కు మూసుకుని కట్టుకుంటా. ఆ పిల్ల తల్లిని మాత్రం నా గుమ్మం తొక్కనీను. ఇప్పుడే చెప్తా ఉండా!"

కామమ్మ ముట్టని టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

అంతా నోటిదూలే. ఆమె అటు పోగానే వెధవ, తన ఫోన్లో ఆ పిల్ల ఫోటో తెరిచి కళ్లప్పగించినాడు. సంబంధం తెచ్చిన హజరత్తయ్య ఆ ఫోటో పంపినప్పట్నుంచీ వాడికి తిండి సయించడం లేదు. ఆ నవ్వే నవ్వు! చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, కాదంటే ఎట్టరా దేవుడా అని లోపల ఒకటే గుబులు. ఆ మాట పైకి అంటే దొరగారి గొప్ప తగ్గిపోదూ!

"నీకు పెళ్లా నాయనా?" కామమ్మ గడపలో నిలబడి ఉంది. "పిల్ల నచ్చిందా?"

ఉలిక్కిపడి ఫోటో మూసేసినాడు.

"నచ్చేదానికేముందిలే. దొరికింది."

కామమ్మ కాసేపు వాడి మొహంలోకే చూసింది.

పెంచలకృష్ణ రూటర్‌ను కిటికీలోంచి తీసి అటక మీద పెట్టినాడు. తన ఫోన్లో టక్కున బొమ్మ వచ్చింది. నట్టిల్లు, కుర్చీ, తన క్రాపుతో సహా!

"కలిసింది! మీ పాపకు ఫోన్ చేసి అడుగు, కనపడతా ఉందేమో."

కామమ్మ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"కనపడతా ఉందా మేడమ్?" అన్నాడు, పట్నం గొంతు తెచ్చుకుని.

"మీరు టీ పక్కకు నెట్టక ముందు నుంచే కనపడతా ఉంది," అనింది అవతలి గొంతు.

ఓహో, మొరాయించింది తన ఫోనేనన్నమాట, అనుకున్నాడు. "మాటలు?"

"ఒక్కటి గూడా పోలేదు. అన్నీ వినపడినాయి."

"చెప్పలా!" అని కామమ్మ వైపు గర్వంగా తిరిగినాడు. "మన పనంటే అట్టుంటాది."

"అమ్మా, ఆదివారం వద్దని హజరత్తయ్య మామకు చెప్పేయ్."