చిలకల డిజైన్

శుక్రవారం మధ్యాహ్నం బస్సులో పత్రిక వస్తుంది. ఆ వేళకు క్యాంపులోని ఆడవాళ్లంతా ఇందిరాదేవి వరండాలో చేరతారు. కోడలు నాగకుమారి పైకి చదువుతుంది. మిగతావాళ్లు బియ్యం ఏరుకుంటూనో, వత్తులు చేసుకుంటూనో వింటారు.

వాళ్లంతా గుంటూరు వైపు నుంచి వచ్చి బోధన్ కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్లు. వాళ్ల మధ్య గంగుబాయి ఒక్కతే ఇక్కడి మనిషి. పక్క ఊళ్లో చెరకు వేసే సాయన్న భార్య. యాభై దాటింది. గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

"నాకు కతలెందుకు బిడ్డా, డిజైన్లు సూద్దామని వస్తున్న" అని మొదటి రోజే చెప్పుకుంది. ఈ వయసులో పుస్తకాల పిచ్చేమిటి అంటారని భయం.

నిజానికి ఆమె వచ్చేది కథలకూ కాదు, డిజైన్లకూ కాదు. చివర్లో ఉండే డాక్టరమ్మ జవాబుల కోసం.

ఎడమ రొమ్ములో గడ్డ. రేగిపండంత ఉన్నప్పుడు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. చక్కెర ఫ్యాక్టరీ దవాఖానలో ఉన్నది మగ డాక్టరు. కాంపౌండరేమో వియ్యంకుడి తమ్ముడు. పొద్దున చెబితే సాయంత్రానికి కూతురి అత్తగారింట్లో తెలుస్తుంది. కూతురు గంగమణికి ఇప్పుడు మూడో నెల. తల్లి రోగం బిడ్డకూ వస్తుందని వాళ్లు గంగమణిని వదిలేస్తే?

గంగుబాయి మనసు ఎప్పుడూ కీడు వైపే పోతుంది. దీపాల వేళకు సాయన్న రాకపోతే, చెరకు బండి కింద పడ్డాడనే అనుకుంటుంది.

అందుకే చిన్నప్పటి మూడో తరగతి అక్షరాలు గుర్తు చేసుకుని, ఎవరికీ చెప్పకుండా పత్రికకు రాసింది. పేరు పెట్టలేదు. 'ఒక తల్లి, బోధన్' అని మాత్రం రాసింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం చెవులు రిక్కించి వింటోంది. తెనాలి ఆమెకు జుట్టు రాలుతోంది. విజయవాడ ఆమెకు తలనొప్పి. బోధన్ మాట రాదు.

అది చైనాతో యుద్ధం జరుగుతున్న చలికాలం. పత్రిక నిండా జవాన్లకు స్వెటర్లు అల్లే పద్ధతులే. ఆ వారం మాత్రం ఒక పేజీలో జంట చిలకల డిజైన్ వచ్చింది. నాగకుమారి దాన్ని ఎత్తి అందరికీ చూపించింది.

ఇందిరాదేవి గంగుబాయి వైపు తిరిగింది.

"డిజైన్ల కోసం అంటావు, ఒక్కటీ పట్టుకెళ్లవు. నిజం చెప్పు గంగుబాయ్, ఆ ప్రేమకథ కోసమేనా ఇంత దూరం నడిచి రావడం?"

అందరూ నవ్వారు. గంగుబాయికి చెవులు వేడెక్కాయి. ఇవాళ కథ అన్నారు, రేపు అసలు సంగతి పసిగడతారు.

"గట్లనకుండ్రి అమ్మా. గా చిలకలది నాకియ్యి బిడ్డా. గంగమణి కాన్పుకొచ్చినప్పుడు దిండు గలీబుకు కుట్టించుకుంట."

ముందు అడిగినవాళ్లకే డిజైన్. అది ఆ వరండా పద్ధతి. నాగకుమారి పేజీ చించి చేతిలో పెట్టింది. గంగుబాయి దాన్ని జాగ్రత్తగా మడిచి బొడ్లో దోపుకుంది.

తర్వాత కథ అయింది. వంటలు అయ్యాయి. డాక్టరమ్మ వంతు వచ్చింది. రేపల్లె ఆమెకు కాళ్ల పగుళ్లు. ఏలూరు ఆమెకు నిద్ర పట్టదు.

"ఇంతేనా బిడ్డా?"

"ఇంతే పిన్నిగారూ. ఈ వారం తక్కువే ఉన్నాయి. ఏం, మీకేమైనా కావాలా?"

"నాకేం గావాలె. ఊకెనే అడిగిన."

చీకటి పడ్డాక ఇంటికొచ్చి, గుడ్డి దీపం వెలుగులో చిలకల కాగితానికి నాలుగు మూలలా మైదాపిండి రాసి, సందుగపెట్టె మూత లోపల అంటించింది. చీర తీసుకున్నప్పుడల్లా చిలకలు పచ్చగా కనిపించేవి. కాసేపు చూసి మూత వేసేది.

చెరకు కొట్టడం అయిపోవచ్చింది. జవాబు రాలేదు.

ఒకరోజు గంగుబాయికి తట్టింది. పాణం మీదికొచ్చేదే అయితే డాక్టరమ్మ ఇన్నాళ్లు ఊరుకుంటుందా? రాయలేదంటే రాయాల్సినంతటిది కాదన్నమాట. బుద్ధెరిగాక ఆమె ఒక విషయంలో మంచే జరుగుతుందనుకోవడం అదే మొదలు. వరండాకు వెళ్లడం మానేసింది.

ఎండలు ముదిరాక గంగమణి కాన్పుకు వచ్చింది. అప్పటికి గడ్డ పగిలింది. వాసన వస్తే గానీ సాయన్నకు తెలియలేదు. నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కణ్నుంచి హైదరాబాద్. అక్కడి డాక్టరు చూసి చేతులు కడుక్కుని, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

"ఒక్క మాట నాకు జెప్తే ఏమైతుండెనే?" అన్నాడు సాయన్న, బస్సులో.

"ఏంగాదనుకున్న" అంది గంగుబాయి.

ఇప్పుడు మంచం దిగడం లేదు. గంగమణి నిండు పొట్టతో పక్కన కూర్చుని విసురుతోంది.

"పెట్టె మూతకు చిలకల బొమ్మున్నది బిడ్డా. నీ పిల్ల దిండుకు కుట్టు. నేను సూస్తనో సూడనో."

గంగమణి తడిగుడ్డతో మూలలు నానబెట్టి, చిలకలు చిరగకుండా మెల్లగా కాగితం ఊడదీసింది. బట్ట మీద పరచబోతూ వెనక్కి తిప్పింది.

"అవ్వా, ఈడ ఎవరో డాక్టరమ్మ రాసింది గదా" అని, తల్లికి పొద్దుపోతుందని పైకి చదివింది: "'ఒక తల్లి, బోధన్: నొప్పి లేదని ఊరుకోకండి, ఈ వారమే పెద్దాసుపత్రికి వెళ్లండి, ఇప్పుడైతే తప్పకుండా నయమవుతుంది.'"