పద్నాలుగో నంబరు

మజ్జిగ చెంబు మళ్లీ అక్క చేతికే పోయింది.

ధనం కళ్లలో నిప్పులు పోసుకుంది. తాళి కట్టించుకున్నది తను. ఏడో నెల కడుపుతో ఇటుకలు అందిస్తున్నది తను. కానీ మొగుడు మేస్త్రీ రంగరాజు పరంజా దిగితే చాలు, ముందు అక్క సరసమ్మ దగ్గరికే పోతాడు.

"ఎండలో నిలబడొద్దు సరసా. మొత్తం తాగెయ్" అన్నాడు ఈ రోజూ. మిగిలిన గుక్కెడు ధనానికి ఇచ్చి పైకెక్కాడు.

రంగరాజు ఈ అక్కచెల్లెళ్ల తల్లికి సొంత తమ్ముడు. అక్క కూతురు మేనమామకే అన్నది ఆ ఇంట్లో తాతల నాటి వరస. పెద్దది కాబట్టి సరసమ్మను ఉయ్యాలలోనే రంగరాజుకు అనుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ధనానికి కడుపు మండేది. రెండేళ్లు ఆలస్యంగా పుట్టడం తన తప్పా?

నిరుడు కడత్తూరు బడిలో డాక్టర్లు రక్త పరీక్షల శిబిరం పెట్టారు. అంతకు ముందే ధనం తమ్ముడు ఒళ్లంతా నొప్పులని ఏడ్చి ఏడ్చి ఏడేళ్లకే పోయాడు. అది రక్తంలో వచ్చే జబ్బట. రంగరాజు రక్తంలోనూ దాని పాలు సగం ఉందని ముందే తేలింది.

"సగం ఉన్నవాళ్లు మామూలుగానే బతుకుతారు" అన్నాడు డాక్టరు. "నీళ్లు తాగకుండా ఎండలో బరువులు మోస్తే కొందరికి మూత్రం ఎర్రగా పోతుంది, అంతే. కానీ మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ సగం ఉంటే, నలుగురు బిడ్డల్లో ఒకరికి పూర్తి జబ్బు రావచ్చు."

"అట్లయితే ఏ పిల్లకు లేదో దానికే తాళి" అని తేల్చేసింది తల్లి చెన్నమ్మ.

సరసమ్మ ముఖం వాడిపోయింది. అంతకు వారం ముందే కడుపునొప్పి అని రెండు రోజులు పని ఎగ్గొట్టింది. ఒళ్లు దాచుకోవడంలో దాని తరువాతే ఎవరైనా అనుకుంది ధనం.

సూది గుచ్చుతుంటే ధనం కళ్లు తెరవలేదు. పేర్లు లేవు, నంబరు చీటీలే. రెండూ సరసమ్మే కొంగున ముడి వేసుకుంది. ఇంటికొచ్చాక ఒకటి తీసి ఇచ్చింది.

"ఇది నీది ధనం. భద్రం."

పద్నాలుగు.

వారానికి బడి గోడ మీద నంబర్లు అంటించారు. అందరికంటే ముందు పరిగెత్తింది ధనం. పదమూడుకు ఏమీ లేదు. పద్నాలుగు చుట్టూ ఎర్ర సున్నా, అంటే రక్తంలో సగం ఉన్నట్టు.

ఇంట్లో ఎవరూ లేరు. అక్క పసుపు డబ్బాలో పదమూడు ఉంది. నలుగురిలో ఒకరికే కదా అనుకుంది ధనం. చీటీలు మార్చేసింది.

సాయంత్రం రంగరాజు చీటీలు అడిగాడు. సరసమ్మ డబ్బా తెరిచి తన చీటీ చూసింది. చెల్లెలి వైపు చూసింది. మారుమాట లేకుండా ఇచ్చేసింది. ఇంత అమాయకురాలిని దేవుడు ఎట్లా పుట్టించాడా అనుకుంది ధనం.

ఆ నెలలోనే పెళ్లయింది. మామ దక్కాడు. కానీ మజ్జిగ అక్కకు, నీడ అక్కకు, జాలి అక్కకు. న్యాయంగా అవన్నీ ధనానివి. చాటుగా తనే బిందెడు నీళ్లు తాగుతోంది. కడుపులో బిడ్డ కదిలిన ప్రతిసారీ తమ్ముడి ఏడుపు వినిపిస్తోంది.

ఈ రోజు ఇక పట్టలేకపోయింది.

"ఆ మజ్జిగ నాదక్కా" అంది, పళ్లు కొరుకుతూ. "ఆ పాడు రక్తమూ నాదే. నీ చీటీ నేను మార్చినాను. మామ కోసరం మార్చినాను. ఇప్పుడు నా బిడ్డ తమ్ముడి మాదిరి పోతే నేనేం చేసేది?"

ఇటుకల మీద కూలబడి ఏడ్చింది.

సరసమ్మ చెంబు కింద పెట్టింది. చెల్లెలి పక్కన కూర్చుంది.

"నీ బిడ్డకు ఆ జబ్బు రాదులే" అంది. "ఎర్రగా పోతాదని డాక్టరు అనంగానే నా రక్తం సంగతి నాకు తెలిసిపోయె. కడుపునొప్పని పడుకున్న దినాలు నాకట్లే పోయుండె."

ధనం తలెత్తింది.

"నీకంటే ముందు, సూది వేసిన దినమే, నా పద్నాలుగు నీకిచ్చి నీ పదమూడు నేను తీసుకుంటి."