మూయని డిస్కులు

దర్జీ ఆ డిస్కును రెండు చేతులా పట్టుకుని స్కాన్ గది గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఇది అక్కడ తెరుచుకోలేదమ్మా" అన్నాడు.

స్కాన్ తీసే ఆవిడకు ఆస్పత్రిలో అందరూ పెట్టిన పేరు రెండుసార్లమ్మ. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తుంది. పేషెంటు పేరు రెండుసార్లు అడుగుతుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో తెరిచి చూడకుండా ఒక్క డిస్కు ఎవరి చేతికీ ఇచ్చింది లేదు.

అందుకే ఆ మాట ఆవిడకు మింగుడు పడలేదు.

డిస్కు తీసుకుని తన కంప్యూటర్లో పెట్టింది. దర్జీ భార్య తల బొమ్మలన్నీ వరసగా వచ్చాయి. గడ్డ నిక్షేపంగా కనిపిస్తోంది.

"ఇక్కడ బానే ఉంది కదా బాబూ."

దర్జీ తల ఊపాడు. అతను గొడవ పెట్టుకోవడానికి రాలేదు. పట్నం పెద్దాస్పత్రిలో చూపించుకోవడానికి మూడు నెలలు పడిగాపులు కాస్తే దొరికిన రోజట అది. తొమ్మిది గంటల ప్రయాణం. అక్కడి పెద్ద డాక్టరు రెండు కంప్యూటర్లలో పెట్టి చూసి, డిస్కు ఖాళీ అన్నాడట. గడ్డ కోయొచ్చో కూడదో బొమ్మలు చూస్తే గాని చెప్పనన్నాడట. దయతలచి గురువారం మళ్లీ రమ్మన్నాడట.

"మా ఆవిడకి ఎడమ చెయ్యి లేవట్లేదమ్మా. గురువారం దాటితే ఆయన ఊళ్లో ఉండరంట."

ఆ రోజు మంగళవారం.

ఆవిడ డిస్కు తీసుకెళ్లి నర్సుల గదిలో కంప్యూటర్లో పెట్టింది. ఖాళీ. చీట్లు రాసే కౌంటర్లో పెట్టించింది. ఖాళీ. మళ్లీ తన గదికొచ్చి పెట్టింది. ఉంది.



ఆస్పత్రి కంప్యూటర్లు చూసే పెద్దాయన్ని పిలిపించింది. ఆయన దర్జీ భార్య బొమ్మలతోనే ఆవిడ చేత ఒక కొత్త డిస్కు రాయించాడు. ఆఖరున తెర అడుగున బూడిదరంగులో చీమల్లాంటి అక్షరాలు వచ్చాయి. కళ్లజోడు సర్దుకుని వాటిని పైకి చదివాడు. డిస్కును మూయడానికి ఈ లాగిన్‌కు అనుమతి లేదు.

తర్వాత విడమరిచి చెప్పాడు. ఈమధ్య ఆస్పత్రి అంతా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదే, దానికీ దీనికీ పూర్తిగా పొసగదు. అంతకుముందు డిస్కు పెట్టే డ్రైవ్ మీద అందరికీ అన్ని హక్కులూ ఉండేవి. ఇప్పుడు రాయడం వరకే ఆవిడ వంతు, రాశాక మూయాలంటే, అంటే రాయడం అయిపోయిందని డిస్కు మీద ముద్ర వేయాలంటే, అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. మూయని డిస్కు దాన్ని రాసిన డ్రైవ్‌లో కనిపిస్తుంది. బయట ఎక్కడ పెట్టినా ఖాళీయే.

"నేను ప్రతిదీ తెరిచి చూశానండీ" అంది ఆవిడ.

"ఎందులో చూశారమ్మా?"

ఆవిడ తన కంప్యూటర్ వైపు చూసింది.

అనుమతి మార్చాలంటే పైనుంచి కాగితం రావాలని, శుక్రవారం దాకా పట్టొచ్చని పెద్దాయన నసిగాడు. ఆవిడ ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు. మాటొస్తే తన మీదే రానివ్వమని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి ఆ కొత్త డిస్కును మూశాడు.

ఈసారి డిస్కు నర్సుల గదిలో తెరుచుకుంది. కౌంటర్లోనూ తెరుచుకుంది. దర్జీ దాన్ని చొక్కా లోపల దాచుకుని ఆవిడకు దండం పెట్టాడు. ఆ దండానికి ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

అతను వెళ్లాక, కొత్త సిస్టమ్ వేసి ఎన్నాళ్లయిందని పెద్దాయన్ని అడిగింది.

ఏడు వారాలు.

అల్మారాలోంచి డిస్కుల రిజిస్టర్ తీసింది. ఏడు వారాల్లో నలభై మూడు పేర్లు. ప్రతి పేరుకూ ఎదురుగా, తెరిచి చూశాను అని గుండ్రటి తన రాతే.

ఒక్కరైనా ఫోన్ చేయలేదే అనుకుంది. ఎందుకు చేస్తారు పాపం? పెద్ద డాక్టరు ఖాళీ అనగానే దారిలో తామే ఏదో పాడుచేశామని ఒకరినొకరు తిట్టుకుని ఉంటారు.

పైవాళ్లకు చెప్తే అందరికీ ఉత్తరాలు రాస్తారులే అన్నాడు పెద్దాయన. ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుంది.

మొదటివాళ్లు అక్కడే మళ్లీ స్కాన్ తీయించుకున్నారట. రెండో నంబరు ఎవరూ ఎత్తలేదు. మూడో ఆయన నానా మాటలూ అన్నాడు. ఆవిడ అన్నీ విని, కొత్తది ఈ పూటే చేసి ఉంచుతానంది. నాలుగో మనిషి ఇంకా పెద్దాస్పత్రికి వెళ్లనే లేదు. ఆ మాట వినగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

ఐదో నంబరు ఒక ఆడమనిషి ఎత్తింది.

రెండుసార్లమ్మ తానెవరో చెప్పుకుంది. మీ ఇంటాయనకిచ్చిన డిస్కు తెరుచుకుని ఉండదని, తప్పు అచ్చంగా తనదేనని, ఇవాళే కొత్తది తయారుచేస్తానని గబగబా చెప్పేసింది, ఆగితే మళ్లీ చెప్పలేనేమోనన్నట్టు.

అవతల ఎవరో పిల్ల పాఠం వల్లె వేస్తున్న గొంతు వినబడుతోంది.

"ఆయనే పోయాక ఇప్పుడెందుకులేమ్మా" అంది ఆ మనిషి, మెల్లగా.

తర్వాత ఆ మనిషి ఫోన్ పెట్టలేదు. ఈవిడా పెట్టలేదు.